ఉమ్రా వీసాతో వచ్చే బీమా దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు

జూబ్లీహిల్స్ నుంచి ఫిల్మ్‌నగర్ వైపు దిగే దారిలో అపోలో ఆసుపత్రి ఉంది. 1988 నుంచి నడుస్తున్న ఆసుపత్రి. ఆ గేటు దగ్గర కాసేపు నిలబడితే తెల్లని దిష్‌దాషా వేసుకున్న ఒమన్ పెద్దమనిషో, ఆఫ్రికా దేశం నుంచి వచ్చిన కుటుంబమో కనిపిస్తారు. వాళ్ళ చేతిలో ఒక ఫైలు ఉంటుంది. పాత రిపోర్టులు, డాక్టరు ఉత్తరం, మెడికల్ వీసా అన్నీ అందులోనే. తోడుగా అటెండెంట్ వీసా మీద కొడుకో అల్లుడో వస్తాడు. మాట కలపడానికి అరబీ వచ్చిన మన హైదరాబాద్ కుర్రాడు ఒకడుంటాడు. పరాయి దేశంలో వైద్యం ఎలా అందుతుందో వాళ్ళు ఇంటి దగ్గరే తేల్చుకుని వస్తారు.

వాళ్ళు వైద్యం కోసమే వస్తారు కాబట్టి అంత సిద్ధంగా ఉంటారు, నిజమే. కానీ ఆ కొండ కింద ఫిల్మ్‌నగర్ బస్తీల నుంచి, షేక్‌పేట్, టోలీచౌకీ నుంచి బయలుదేరే మన కుటుంబాల సంగతి చూడండి. అమ్మీకి షుగర్, అబ్బాకి బీపీ, గుండెలో ఒక స్టెంటు. ఉమ్రాకు ప్రయాణం. బ్యాగులో ఇహ్రామ్ బట్టలు, తస్బీహ్, ఊరగాయ డబ్బా, ఒక పాలిథీన్ కవరులో మాత్రలు. ఇన్సూరెన్స్ ఉందా అని అడిగితే ఇంట్లో అందరిదీ ఒకటే జవాబు, "వీసాలోనే ఉందట కదా!"

ఉంది. కానీ అందులో ఏముందో చదివినవాళ్ళు తక్కువ. నేను కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి పాలసీ కాగితం కనిపిస్తే ముందు వెనక పేజీలే తిరగేస్తాను. ఇవ్వమని చెప్పింది ముందు పేజీలో పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఇవ్వమని చెప్పనిది వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

వీసాతో వచ్చేది ఎంత?

సౌదీ ప్రభుత్వం 2020 నుంచి ఉమ్రా వీసా రుసుములోనే బీమాను కలిపేసింది. వేరేగా కొనక్కర్లేదు, వద్దన్నా ఆగదు. అత్యవసర వైద్యానికి లక్ష రియాళ్ల వరకు ఇది కవర్ చేస్తుంది. 2025 చివరి మారకంలో మన 23, 24 లక్షల రూపాయలు. ప్రమాదంలో దెబ్బలు తగిలినా, యాత్రలో చనిపోతే భౌతికకాయాన్ని స్వదేశం పంపాలన్నా, విమానం బాగా ఆలస్యమైనా ఇందులో కొంత రక్షణ ఉంది. పేదవాడికి ఇది చిన్న విషయం కాదు. వెనకటికి ఈ ఏర్పాటు లేనప్పుడు గ్రూపులో ఎవరికైనా గుండెపోటు వస్తే తోటి యాత్రికులు చందాలు వేసుకోవాల్సిన పరిస్థితి.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన మాట "అత్యవసర". మక్కాలో ఉన్నప్పుడు ఒక పక్క చెయ్యి పడిపోయింది, ఛాతీలో నొప్పి వచ్చింది, మెట్ల మీద జారి తుంటి ఎముక విరిగింది. ఇవన్నీ అత్యవసరమే. కానీ తెచ్చుకున్న ఇన్సులిన్ అయిపోయింది, మోకాళ్ల నొప్పికి డాక్టరుకు చూపించాలి, ఎలాగూ వచ్చాం కదా అని కళ్ళు చూపించుకుందాం. ఇవి అత్యవసరం కిందకు రావు. డబ్బు మీ జేబులోంచే. షుగర్ ఉన్నవాళ్ళకు షుగర్ మందులు బీమా ఇవ్వదు. అదే షుగర్ ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పితే మాత్రం అది అత్యవసరమే. అమ్మీ అబ్బాలకు ఈ తేడా బయలుదేరే ముందే విడమరిచి చెప్పాలి. లేకపోతే "ఎలాగూ ఫ్రీ కదా" అని మందులు తక్కువ పెట్టుకుని వెళ్తారు. లేదా "బిల్లు వేస్తారేమో" అన్న భయంతో ఛాతీ నొప్పిని రాత్రంతా ఓర్చుకుంటారు. ఈ రెండో తప్పు ప్రాణం మీదకు తెస్తుంది.

మరో సంగతి. ఆ బీమా సౌదీ నేల మీద ఉన్నంతవరకే. మన యాత్రికుల్లో చాలామంది దుబాయ్ మీదుగానో, మస్కట్, దోహా మీదుగానో వెళ్తారు. మధ్యలో ఎయిర్‌పోర్టులో ఆరేడు గంటలు కూర్చుంటారు. వయసైనవాళ్ళకు కాళ్ళు వాచేదీ, బీపీ పెరిగేదీ అక్కడే. ఆ గంటలకు ఉమ్రా బీమా వర్తించదు. అందుకే షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్ళకు ఇంటి గుమ్మం నుంచి మళ్ళీ ఇంటి గుమ్మం దాకా ఉండే ట్రావెల్ పాలసీ ఒకటి ఇక్కడ విడిగా తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఉమ్రా ప్యాకేజీలో పెట్టే మొత్తంతో పోలిస్తే దాని ప్రీమియం చిన్నది.

ఇన్సూరెన్స్ జాయిజా నాజాయిజా అన్న ప్రశ్న మన ఇళ్లలో ఎప్పుడూ వస్తుంది. దాని మీద ఫత్వా చెప్పడం నా పని కాదు, మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి. ఒక్క విషయం మాత్రం చెప్పగలను. సౌదీలో బీమా కంపెనీలు నడిచేది సహకార పద్ధతిలో. ఈ వివరం చెప్పి అడిగితే ఆలిమ్‌గారికి జవాబు చెప్పడం తేలికవుతుంది.

ఎవరికి ఫోన్ చేయాలి

సౌదీలో అంబులెన్సుకు 997. అది రెడ్ క్రెసెంట్ నంబరు. మక్కా, మదీనా ప్రాంతాల్లో పోలీసు, అంబులెన్సు, ఫైరు అన్నిటికీ కలిపి 911 పనిచేస్తుంది. ఆరోగ్య శాఖ సలహా లైను 937. ఈ మూడింటినీ ఫోన్లో సేవ్ చేస్తే చాలదు. పెద్దవాళ్ళు ఫోను లాక్ తీయడానికే తడబడతారు. కాగితం మీద రాసి మెడలో వేసుకునే ఐడీ కార్డు వెనక అతికించండి. మస్జిద్ అల్ హరామ్ పక్కనే అజ్యాద్ అత్యవసర ఆసుపత్రి ఉంది. హరమ్ లోపల కూడా ప్రథమ చికిత్స కేంద్రాలుంటాయి. పెద్ద జబ్బయితే మక్కాలోని అల్ నూర్ స్పెషలిస్ట్ ఆసుపత్రి లాంటి ప్రభుత్వ ఆసుపత్రులకు పంపిస్తారు.

భాష గురించి భయపడక్కర్లేదు. మక్కా, మదీనా ఆసుపత్రుల్లో ఉర్దూ అర్థమయ్యే నర్సో, డాక్టరో, సెక్యూరిటీ మనిషో దొరుకుతారు. ఉర్దూ అంతగా రాని మన కోస్తా, రాయలసీమ పెద్దవాళ్ళకు మాత్రం జబ్బుల పేర్లు, మందుల పేర్లు ఇంగ్లీషులో రాసిన ఒక కాగితం తప్పనిసరిగా ఇవ్వండి. తెలుగులో ఎంత వివరంగా చెప్పినా అక్కడ డ్యూటీ డాక్టరుకు పనికిరాదు.

ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే ముందు బీమా కంపెనీ అనుమతి అడుగుతారు. పాలసీ నంబరు, పాస్‌పోర్టు నంబరు చేతిలో ఉండాలి. చాలామంది ఏజెంట్లు వీసా ప్రింటు ఒక్కటే ఇస్తారు. పాలసీ ప్రింటు కూడా అడిగి తీసుకోండి. అడిగితే విసుక్కునే ఏజెంటు దగ్గర ప్యాకేజీ కట్టే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

హజ్‌కు వెళ్లేవాళ్ళ పరిస్థితి వేరు. హజ్ కమిటీ ద్వారా వెళ్లేవారికి భారత ప్రభుత్వం పంపే డాక్టర్లు, నర్సులు అక్కడే ఉంటారు. మక్కా, మదీనాల్లో మన వైద్య బృందం ఆసుపత్రులు, డిస్పెన్సరీలు నడుపుతుంది. ఏదైనా అయితే సమాచారం ఇవ్వడానికి హజ్ సువిధ యాప్ ఉంది, వెంట రాష్ట్రం పంపిన హజ్ ఇన్‌స్పెక్టర్లు (2024 వరకు వాళ్ళ పేరు ఖాదిముల్ హుజ్జాజ్) ఉంటారు. ఉమ్రాకు ఇవేమీ ఉండవు. నాంపల్లి హజ్ హౌస్‌లో జరిగే శిక్షణ శిబిరాల్లాంటివి కూడా ఉమ్రా యాత్రికుడికి ఎవరూ పెట్టరు. ఏజెంటు, గ్రూపు లీడరు, మీరు, అంతే. హజ్ చేసి వచ్చిన పక్కింటి పెద్దాయన "మాకు ఇండియా డాక్టర్లే అన్నీ చూసుకున్నారు" అంటే అది నమ్మి ఉమ్రాకు ధీమాగా వెళ్లకండి.

ఇంకో తేడా 2024 హజ్‌లో అందరికీ తెలిసొచ్చింది. ఆ జూన్‌లో మక్కాలో ఉష్ణోగ్రత 51.8 డిగ్రీలకు చేరింది. 1,301 మంది చనిపోయారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో 83 శాతం మంది హజ్ పర్మిట్ లేకుండా వచ్చినవారు. పర్మిట్ లేకపోతే ఏసీ టెంటు లేదు, బస్సు లేదు, ఎండలో కిలోమీటర్ల కొద్దీ నడక. సొమ్మసిల్లి పడినా అధికారులకు దొరికిపోతామన్న భయంతో సాయం అడగడానికే వెనకాడతారు. విజిట్ వీసా మీద హజ్ చేయిస్తామని ఇప్పటికీ కొందరు తక్కువ ధర చెబుతుంటారు. ఆ తక్కువలో వైద్యం కూడా తగ్గిపోయి ఉంటుంది.

షుగర్ దాచిపెడితే

ఇక్కడ కొనే ట్రావెల్ పాలసీల సంగతికి వద్దాం. ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది, ఇప్పటికే ఏమైనా జబ్బులు ఉన్నాయా అని. ప్రీమియం పెరుగుతుందని చాలామంది 'లేదు' అని టిక్ పెడతారు. ఆన్‌లైన్‌లో అబ్బా బదులు కొడుకే ఫారం నింపుతాడు కాబట్టి అబ్బాకు ఆ సంగతే తెలియదు. తర్వాత విదేశంలో గుండెపోటు వస్తే ఆసుపత్రి వాళ్ళు మొదట అడిగేది పాత జబ్బుల చరిత్ర. పదేళ్లుగా షుగర్ ఉందని అబ్బా నిజాయితీగా చెబుతాడు. అది కేస్ షీట్‌లో ఎక్కుతుంది. ఆ కేస్ షీటే బీమా కంపెనీకి వెళ్తుంది. క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది.

నిజం రాసినా అన్నీ ఇస్తారని కాదు. ముందునుంచీ ఉన్న జబ్బు వల్ల ఏదైనా వస్తే చాలా పాలసీలు ప్రాణాపాయం ఉన్న దశ వరకే డబ్బిస్తాయి, అది కూడా ఒక పరిమితి లోపు. పరిస్థితి కుదుటపడ్డాక మిగతా వైద్యం ఇండియా వెళ్లి చేయించుకోండి అంటాయి. పాలసీ కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇది: "ముందునుంచీ ఉన్న జబ్బుకు అత్యవసరంలో ఎంతవరకు ఇస్తారు?" జవాబు నోటిమాటగా వద్దు, కాగితం మీద చూపించమనండి.

అమెరికాలో ఉన్న కూతురి కాన్పుకో, కొడుకు దగ్గరకో వెళ్లే తల్లిదండ్రులకు ఇంకో మెలిక ఉంది. అక్కడ వైద్యం ఖరీదెంతో అందరికీ తెలుసు. చవకగా దొరికే పాలసీల్లో మొత్తం కవర్ 50,000 డాలర్లు అని పెద్దగా రాసి, లోపల ఒక్కో ఖర్చుకూ ఒక్కో పరిమితి పెడతారు. లెక్క అర్థం కావడానికి ఒక ఊహించిన ఉదాహరణ చెబుతాను. ఐసీయూకి రోజుకు 2,000 డాలర్లే ఇస్తామని పాలసీలో ఉంది. ఆసుపత్రి రోజుకు 6,000 వేసింది. నాలుగు రోజులుంటే బిల్లు 24,000, కంపెనీ ఇచ్చేది 8,000. మిగతా 16,000 డాలర్లు, అంటే సుమారు 14 లక్షల రూపాయలు, మీ మీద పడతాయి. కవర్‌లో 50,000 ఉండీ ఇంతే. అందుకే మొత్తం అంకె కంటే ముందు లోపలి పరిమితుల పట్టిక చూడాలి. వయసు 60 దాటితే ఆ పట్టిక ఇంకా బిగుసుకుంటుంది.

అమెరికాలో ఒక ఊరట ఉంది. 1986లో వచ్చిన చట్టం ప్రకారం ఎమర్జెన్సీ విభాగానికి వచ్చిన మనిషిని డబ్బు లేదని, బీమా లేదని పరీక్షించకుండా తిప్పి పంపకూడదు. ప్రమాదం తప్పేదాకా చూడాల్సిందే. బిల్లు తర్వాత ఇంటికి వస్తుంది. కాబట్టి అక్కడ కూడా బిల్లు భయంతో 911 చేయకుండా ఆగొద్దు. లాభాపేక్ష లేని ఆసుపత్రుల్లో ఆదాయాన్ని బట్టి బిల్లు తగ్గించే ఏర్పాటు ఉంటుంది, దరఖాస్తు చేసి అడగాలి. అడగనివాళ్ళకు ఎవరూ తగ్గించరు.

మందుల కవరులో ఏముంది

షుగర్ వల్ల అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు ఉన్నవాళ్ళకు మన డాక్టర్లు మామూలుగా రాసే మందు ప్రెగాబాలిన్. విటమిన్ బి12 కలిపిన మాత్రల్లో కూడా ఇది వస్తుంది, పట్టీ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇక్కడ ఇది మామూలు మాత్ర. సౌదీలో, యూఏఈలో ఇది నియంత్రణలో ఉన్న మందు. నొప్పికి వాడే ట్రమడాల్, నిద్రకు వాడే ఆల్ప్రజోలామ్, కోడీన్ ఉన్న దగ్గు సిరప్పులదీ అదే పరిస్థితి. పక్కింటివాళ్ళు "మా అబ్బాయికి ఇవ్వండి" అని ఇచ్చిన మాత్రల డబ్బాలో ఇవి ఉంటే ఎయిర్‌పోర్టులో జవాబు చెప్పాల్సింది మీరే.

ఏం చేయాలి? వెళ్లే ముందు మీ డాక్టరుకు దేశం పేరు చెప్పి మాత్రలన్నీ ఒకసారి చూపించండి. నియంత్రణలో ఉన్న మందు మార్చడానికి వీలుంటే మారుస్తారు. వీలు లేకపోతే డాక్టరు సంతకం, ముద్ర, తేదీ ఉన్న ప్రిస్క్రిప్షన్ ఇంగ్లీషులో తీసుకుని, ఆయా దేశాల వెబ్‌సైటులో ముందస్తు అనుమతికి దరఖాస్తు పెట్టాలి. మాత్రలు పట్టీల్లోనే ఉంచండి. విప్పి, కలిపి, ఒక డబ్బాలో పోసుకుంటే ఏది ఏదో ఎవరికీ తెలియదు. ఇన్సులిన్ క్యాబిన్ బ్యాగులోనే పెట్టాలి, లగేజీలో వేస్తే చలికి పాడవచ్చు. ఒకవేళ లగేజీ తప్పిపోతే ఇక అంతే.

మందు కాకపోయినా ఇక్కడ ఒక మాట చెప్పాలి. గసగసాలు. మన బిర్యానీ మసాలాలో, కుర్మాలో ఖస్‌ఖస్ లేకుండా కుదరదు. సౌదీలోకి, యూఏఈలోకి దాన్ని తీసుకెళ్లడం మాదకద్రవ్యం నేరం కిందకు వస్తుంది. కొడుక్కి ఇష్టమని అమ్మీ ప్రేమగా కట్టిన మసాలా పొట్లం ముందు తీసి ఇంట్లో పెట్టండి.

టీకాలు కూడా ఈ లెక్కలోవే. హజ్, ఉమ్రా యాత్రికులకు సౌదీ చెప్పేది నాలుగు రకాల మెనింజైటిస్ నుంచి కాపాడే టీకా. చేరడానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ప్రయాణం రెండు రోజుల్లో ఉందనగా గుర్తొస్తే ప్రయోజనం లేదు. ఫ్లూ టీకా కూడా పెద్దవాళ్ళకు మేలు చేస్తుంది. ఉమ్రా నుంచి వచ్చాక ఇల్లంతా దగ్గుతో నెల రోజులు గడిపిన కుటుంబాలకు ఈ మాట చెప్పక్కర్లేదు. సయీలో ఏడు విడతలు నడిస్తే మూడు కిలోమీటర్లు దాటుతుంది. కాళ్లలో స్పర్శ తగ్గిన షుగర్ మనిషికి పాదం కింద బొబ్బ వచ్చినా తెలియదు. రాత్రి గదికి రాగానే అమ్మీ అరికాళ్ళు ఎవరో ఒకరు లైటు కింద చూడండి.

షూటింగుకు వెళ్లేవాళ్ళ కథ వేరు

ఫిల్మ్‌నగర్‌లో, కృష్ణానగర్‌లో మనవాళ్ళు సినిమా పనిలో చాలామంది ఉన్నారు. కాస్ట్యూమ్, మేకప్, లైట్లు, ఫైట్లు, డ్రైవింగ్. విదేశీ షెడ్యూల్ అంటే వాళ్ళకు అదొక సంబరం. టికెట్టు, వీసా, హోటల్ అన్నీ ప్రొడక్షన్ చూసుకుంటుంది. పాలసీ కూడా వాళ్లే తీస్తారు. కానీ ఆ పాలసీ ఒక టూరిస్టుకు ఇచ్చేదా, పనికి వెళ్లే మనిషికి ఇచ్చేదా అని అడిగేవాళ్ళు అరుదు. టూరిస్టు పాలసీల్లో ప్రమాదకరమైన పనులు, సాహస క్రీడలు మినహాయింపుల జాబితాలో ఉంటాయి. బైకు ఛేజ్‌లో కాలు విరిగిన ఫైటరుకు అది వర్తించకపోవచ్చు. ఎత్తు మీద లైటు కడుతూ పడిన లైట్‌మ్యాన్‌కూ అంతే. యూనిట్ బయలుదేరే ముందు మీ పేరు మీద ఉన్న పాలసీ పీడీఎఫ్ మేనేజరును అడగండి. అందులో మీరు చేసే పని రాసి ఉందో లేదో చూడండి. ఒక్కరే అడగడానికి మొహమాటమైతే మీ క్రాఫ్ట్ యూనియన్ ద్వారా అడిగించండి.

రాజమౌళి, మహేష్ బాబు సినిమా యూనిట్ 2025లో కెన్యా వెళ్లింది. కెన్యా ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో ఉంది. అలాంటి దేశం నుంచి తిరిగి వచ్చేవాళ్ళ దగ్గర టీకా సర్టిఫికెట్ లేకపోతే మన ప్రభుత్వమే ఎయిర్‌పోర్టు నుంచి ఆరు రోజుల వరకు విడిగా ఉంచగలదు. హైదరాబాద్‌లో ఈ టీకా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. వేయించుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చాలు. గుడ్డు పడనివాళ్ళు, 60 దాటినవాళ్ళు ముందే డాక్టరుకు చెప్పాలి.

ఆఫ్రికాలోనే కాదు, వెస్టిండీస్ వైపు వెళ్లేవాళ్ళకూ ఇది వర్తిస్తుంది. ట్రినిడాడ్ కూడా ఆ జాబితాలో ఉంది. బార్బడోస్, జమైకా, ట్రినిడాడ్ లాంటి చోట్లకు భారత పాస్‌పోర్టు ఉంటే టూరిస్టుగా వెళ్లడానికి ముందుగా వీసా అక్కర్లేదు. వీసా లేకపోవడం హాయిగానే ఉంటుంది. కానీ వీసాతో కలిసి వచ్చే బీమా కూడా ఉండదు. ఎవరూ అడగరు, ఎవరూ తనిఖీ చేయరు. చిన్న ద్వీపాల్లో అసలు సమస్య వేరే ఉంది. జ్వరానికో, విరిగిన ఎముకకో అక్కడి ఆసుపత్రి చాలు. బార్బడోస్‌లో బ్రిడ్జ్‌టౌన్‌లోని క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రి లాంటి పెద్దది కూడా ఉంది. ఇంకా చిన్న ద్వీపాల్లో మెదడు ఆపరేషన్, క్లిష్టమైన గుండె చికిత్స దొరకవు. రోగిని ఎయిర్ అంబులెన్సులో వేరే ద్వీపానికో, అమెరికాకో తీసుకెళ్లాలి. పాలసీలో "మెడికల్ ఎవాక్యుయేషన్" అన్న మాట ఉందా, ఎంతవరకు ఉందో చూడమనేది ఇందుకే. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి కాదంటే ఇంకో ఆసుపత్రికి ఆటోలో వెళ్తాం. అక్కడ మధ్యలో సముద్రం ఉంటుంది.

విమానం ఉన్నా ఎగరలేని రోజులూ ఉంటాయి. 2024 జూన్ 29న బార్బడోస్‌లో టీ20 ప్రపంచ కప్ గెలిచిన మన జట్టు గుర్తుందా? మన హైదరాబాద్ సిరాజ్ కూడా ఆ జట్టులో ఉన్నాడు. బెరిల్ తుపాను వల్ల ఎయిర్‌పోర్టు మూసేస్తే ప్రపంచ విజేతలే రోజుల తరబడి హోటల్లో ఉండిపోయారు. జూలై 4న గానీ ఢిల్లీ చేరలేదు. జూన్ నుంచి నవంబర్ దాకా అక్కడ తుపానుల కాలం. ఆ నెలల్లో వెళ్లేవాళ్ళు మందులు రెండు వారాలకు ఎక్కువే పెట్టుకోవాలి.

ప్రాణం పోతే

ఇది రాయడం కష్టం, కానీ మన నగరం ఈమధ్యే చూసింది. 2025 నవంబర్ 17న మక్కా నుంచి మదీనా వెళ్తున్న ఉమ్రా బస్సు డీజిల్ ట్యాంకరును ఢీకొని 45 మంది భారతీయులు చనిపోయారు. ఎక్కువమంది హైదరాబాద్ వాళ్ళే. గుర్తించడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. మృతులను మదీనాలోనే, జన్నతుల్ బఖీలో ఖననం చేశారు. అల్లాహ్ వాళ్ళందరికీ మగ్ఫిరత్ ప్రసాదించుగాక.

అలాంటప్పుడు ఇక్కడ ఉన్న కుటుంబానికి కాగితాలే దారి చూపిస్తాయి. పాస్‌పోర్టు కాపీ, వీసా కాపీ, పాలసీ కాపీ, ఏజెంటు రసీదు, గ్రూపులో ఎవరెవరు ఉన్నారన్న జాబితా. ఇవన్నీ ఇంట్లో ఉండిపోయిన ఒక మనిషి ఫోనులో ఉండాలి. అందరూ కలిసి వెళ్లే కుటుంబాల్లో ఇవన్నీ వాళ్ళ బ్యాగుల్లోనే వెళ్లిపోతాయి, ఇక్కడ ఎవరి దగ్గరా ఏమీ మిగలదు. సౌదీలోనే దఫన్ చేయాలా, ఇండియాకు తీసుకురావాలా అన్నదానికి వారసుల సమ్మతి పత్రం అవసరమవుతుంది. జెద్దాలోని భారత కాన్సులేట్ ఇందులో సాయపడుతుంది. చాలామంది మక్కా, మదీనాల్లోనే ఖననం కోరుకుంటారు. పెద్దవాళ్ళ ఇష్టం ముందే అడిగి తెలుసుకోవడం అశుభం కాదు, వసియత్‌లో భాగమే.

బీమా లేక, చేతిలో డబ్బు లేక విదేశంలో ఇరుక్కున్నవారికి మన రాయబార కార్యాలయాల దగ్గర 2009 నుంచి ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. అత్యవసర వైద్యానికి, భౌతికకాయం పంపడానికి పరిస్థితి చూసి ఇస్తారు. అది హక్కు కాదు, సాయం. మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు.

క్లెయిమ్ తిరస్కరిస్తే

ఆసుపత్రిలో చేరిన వెంటనే, వీలైతే 24 గంటల్లో, పాలసీ మీద ఉన్న నంబరుకు ఫోన్ చేయాలి. రోగి చేయలేడు, గ్రూపులో ఒకరు చేయాలి. ఇంటి నుంచి కొడుకు చేసినా సరే. ఫోన్ చేసిన టైము, మాట్లాడిన మనిషి పేరు, ఇచ్చిన రెఫరెన్సు నంబరు రాసుకోండి. డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లు, డబ్బు కట్టిన రసీదు ఒరిజినల్స్ అడిగి తెచ్చుకోండి. సమ్మరీ ఇంగ్లీషులో ఇవ్వమనండి. అరబీలోనే ఇస్తే ఇక్కడ మళ్ళీ తర్జుమా చేయించాలి, దానికో ఖర్చు.

సౌదీ వీసా బీమా మీద ఫిర్యాదు అక్కడే తేలాలి. ఇక్కడ కొన్న పాలసీ అయితే దారి మన ఊళ్లోనే ఉంది. మొదట కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. ఆ ఆఫీసు లక్డీకాపూల్ దగ్గర ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, తిరస్కరించిన ఏడాది లోపు వెళ్లాలి. బీమా రంగం మొత్తాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం కూడా మన హైదరాబాద్‌లోనే, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉంది. దాని ఫిర్యాదుల నంబరు 155255, బీమా భరోసా పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా పెట్టవచ్చు. కంపెనీ పంపిన తిరస్కరణ ఉత్తరంలో ఏ నిబంధన ప్రకారం కాదన్నారో రాసి ఉండాలి. లేకపోతే అది రాసి ఇవ్వమని మొదటి ఉత్తరంలోనే అడగండి.

ఈ రంజాన్‌కు ఉమ్రా బుక్ చేసుకున్నవాళ్ళు ఇప్పుడే ఒక తెల్ల కాగితం తీసుకోండి. పెద్దవాళ్ళ పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, జబ్బులు, రోజూ వేసుకునే మాత్రలు, పడని మందులు, ఇక్కడి డాక్టరు నంబరు, ఇంట్లో ఉండే మనిషి నంబరు, పాలసీ నంబరు ఇంగ్లీషులో రాయండి. మూడు కాపీలు తీయించి ఒకటి మెడలో కార్డు వెనక, ఒకటి గ్రూపు లీడరు దగ్గర, ఒకటి ఇంట్లో పెట్టండి.